ఒక మాగ్నెటో కోసం బందరు దాకా

విజయవాడ వెళ్ళినవాళ్ళు కృష్ణలో మునిగి, కొండెక్కి అమ్మవారిని చూసి, ప్రసాదం తెచ్చి నలుగురికీ పంచుతారు. నేను పోయిన వేసవిలో వెళ్ళి, మునగకుండా, కొండెక్కకుండా, ఒక ఇత్తడి దీపమూ, కుడికాలికి ఒక కట్టూ తెచ్చుకున్నాను. కనబడిన ప్రతివాళ్ళకీ ఆ రెండింటి కథా చెప్పి చెప్పి విసుగెత్తింది. అందుకని ఒకేసారి రాసేస్తున్నాను.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. నేను కర్నూల్లో వకీలుని. మూడేళ్ళ కిందట ఒక సంస్థానం వారి వారసుడు, గడ్డి కొట్టంలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఒక కారును నాకు అంటగట్టాడు. యాభై ఏళ్ళ నాటి ఇంగ్లీషు బండి. దాన్ని తయారుచేసిన కంపెనీ నేను లా చదివేనాటికే మూతపడింది. కోళ్ళను ఖాళీ చేయించడానికి ఒక వారం, తుప్పు వదిలించడానికి ఒక సంవత్సరం, మిగతా రెండేళ్ళూ విడిభాగాలు వెతకడానికి పట్టాయి. పెట్రోలు ధర విని జనం స్కూటర్లు కూడా తాళం వేసి పెట్టుకుంటున్న రోజుల్లో, లీటరుకు నాలుగు మైళ్ళు పోయే కారును బాగుచేయించుకుంటున్న మనిషి గురించి ఊళ్ళో ఏమనుకునేవారో నాకు తెలుసు. బార్ అసోసియేషన్‌లో నా మొహం మీదే అనేవాళ్ళు.

అన్నీ దొరికాయి, ఒక్క మాగ్నెటో తప్ప. ఇంజను తిరుగుతుంటే బ్యాటరీ అవసరం లేకుండా తనంతట తనే నిప్పురవ్వ పుట్టించే చిన్న యంత్రం అది. దాని నెత్తిన గుర్రపు లాడం ఆకారంలో రెండు పెద్ద అయస్కాంతాలుంటాయి. అది లేకపోతే మిగతా కారంతా బరువైన బొమ్మ.

మా మెకానిక్ ఖాసిం అప్పటికే పదిసార్లు చెప్పాడు. "స్కూటర్ కాయిలు, ఒక బ్యాటరీ ఏసేస్తా సార్. సాయంత్రానికల్లా బండి రోడ్డెక్కుతాది."

నేను ఒప్పుకోలేదు. ఆషాఢంలో హైదరాబాదులో పాత కార్ల ప్రదర్శన ఉంది. అక్కడ ప్రతి మరకూ ఒరిజినలా కాదా అని కళ్ళద్దాలు పెట్టుకుని చూసి మార్కులు వేస్తారు. అంతకు ముందు సంవత్సరం నేను ప్రేక్షకుడిగా వెళ్ళి, బొంబాయి నించి కొత్త తోలు సీట్లు వేయించుకొచ్చిన పెద్దమనుషులను చూసి మనసారా నవ్వుకుని వచ్చాను. ఈసారి నా బండి తన కాళ్ళ మీద తను వెళ్ళాలి, అందులో దొంగ సరుకు ఒక్కటీ ఉండకూడదు అన్నది నా పంతం. మా ఆవిడ సుభద్ర పంతం వేరు. "ఈసారీ కదలకపోతే ఆ షెడ్డులో గేదెను కట్టేస్తాను. అది పాలైనా ఇస్తుంది" అంది. ఆవిడ అన్నమాట మీద నిలబడే మనిషి.

సరిగ్గా అలాంటి కారునే బెజవాడలో విరగ్గొట్టి తూకానికి అమ్మేశారని ఒక క్లయింటు చెప్పాడు. అంతే, బయల్దేరాను.

బెజవాడ: పప్పూ, నెయ్యీ

బెజవాడలో ఉక్కపోతకూ మర్యాదకూ లోటు లేదు. రెండూ ఊపిరాడనివ్వవు. స్టేషను దగ్గర రిక్షా అతను నన్ను కూర్చోబెట్టుకుని, తిరిగిన వీధుల్లోనే మూడుసార్లు తిప్పి, చివరికి స్టేషనుకు ఎదురుగానే ఉన్న లాడ్జి ముందు దింపి, "దగ్గరేనండి, నడిచినా వచ్చేయొచ్చండి" అన్నాడు. మా కర్నూల్లో మోసం చేసేవాడు కనీసం కాస్త గొంతు పెంచుతాడు.

భోజనం రెండున్నర రూపాయలు. వడ్డించే ఆయన నా యాస పట్టేసి, "కర్నూలాండి? కారం బాగా తింటారంటగా?" అని గోంగూర పచ్చడి రెండు గరిటెలు వేశాడు. మా వైపు కారం తిన్న వెంటనే తెలుస్తుంది. ఇక్కడిది నెయ్యి చాటున లోపలికి వెళ్ళి, బిల్లు కట్టేవేళకు బయటపడుతుంది. కళ్ళు తుడుచుకుంటుంటే ఆయన చాలా సంతోషించి, ఇంకొక గరిటె వేశాడు.

ఆటోనగర్: చూడకూడని వస్తువు

పాత ఇనుము వ్యాపారి పేరు చలపతిరావు గారు. ఆయన కొట్లో ప్రతి తుప్పు ముక్కా ఎవరో ఒక జమీందారు గారిదే. "ఇది జమీందారు గారు స్వయంగా తొక్కిన బ్రేకండి" అన్నారు, ఒక లారీ పెడలు చూపించి. కృష్ణా జిల్లాలో అంతమంది జమీందారులుంటే ఇక పొలాలు దున్నిందెవరో నాకు అర్థం కాలేదు.

పాత పార్టులు వెతికేవాళ్ళకు ఒక నియమం ఉంది. కావలసిన వస్తువును చూడకూడదు. చూపు దాని మీద నిలిచిందంటే ధర నాలుగింతలవుతుంది. నా మాగ్నెటో ఒక మూల గోనెల మీద పడి ఉంది. కొట్లో అడుగుపెట్టగానే గుర్తుపట్టాను. వెంటనే మొహం తిప్పుకుని, పక్కన ఉన్న ఇత్తడి కిరసనాయిలు దీపాన్ని పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, అరగంట సేపు పరీక్షించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

చివరికి వెళ్ళబోతూ, "ఆ మూల పడున్న డబ్బా ఏమిటండీ?" అన్నాను నిర్లక్ష్యంగా.

"అదాండి? అది తుక్కు సరుకండి. దీపం తీసుకుంటే అది ఇరవైకి ఇచ్చేస్తాను."

"దీపం నాకక్కర్లేదండీ."

"అదేంటండి, అరగంట నించీ ఒళ్ళో పెట్టుకు కూర్చుంటిరి. జమీందారు గారి కారు దీపమండి అది. తొంభై."

మాగ్నెటోకి ఇరవై, దాన్ని చూడనందుకు తొంభై. రెండూ కొని బయటికొచ్చి, చెట్టు నీడన పొట్లం కాగితం విప్పి చూస్తే, మాగ్నెటో నెత్తిన అయస్కాంతాలు లేవు. రెండూ లేవు. అంతసేపు దాని వంక చూడకుండా ఉన్న ఫలితం. పరుగున వెనక్కి వెళ్ళి అడిగాను.

"లేవనేగా అండి ఇరవైకిచ్చింది" అన్నారు చలపతిరావు గారు, నొచ్చుకుని. తర్వాత నా మొహం చూసి జాలిపడి, వాటిని పెడనలో లింగమూర్తి గారని ఒక నేత ఆయన కొనుక్కెళ్ళాడని చెప్పారు. ఎందుకో మాత్రం చెప్పలేదు, నవ్వారు.

పెడన: మోకాళ్ళ వైద్యం

పెడనలో ఏ వీధికి వెళ్ళినా మగ్గాల చప్పుడే దారి చెబుతుంది. లింగమూర్తి గారు గుంట మగ్గంలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని, దారం చుట్టిన నాడెను అటూ ఇటూ విసురుతూనే మాట్లాడారు. మిల్లు బట్టలొచ్చి నేత బతుకులు ఎలా పాడయ్యాయో, జనానికి చేనేత విలువ ఎలా తెలియకుండా పోయిందో చెప్పారు. అంతా నిజమే. ఆయన ఒంటి మీదున్నది మాత్రం టెర్లిన్ చొక్కా.

నా చూపు గమనించి, "ఉతుక్కోడం తేలికండి" అన్నారు. నా ఒంటి మీదా అదే ఉంది.

అయస్కాంతాల సంగతి అడిగితే ఆయన భార్య వంటింట్లోంచే నవ్వడం మొదలుపెట్టింది. కథ ఏమిటంటే, రోజంతా మగ్గం తొక్కి తొక్కి ఆయనకు మోకాళ్ళ నొప్పులు. అయస్కాంతం నొప్పిని లాగేస్తుందని బెజవాడలో ఎవరో చెప్పారు.

"రెణ్ణెల్లు మోకాలికొకటి చొప్పున కట్టుకు కూర్చున్నానండి" అన్నారు. "నొప్పి బయటికి రాలేదు గానీ, ఇంట్లో ఉన్న మేకులన్నీ వచ్చి మోకాళ్ళకి అంటుకునేయండి."

"వాటిని ఏం చేశారండీ?"

"మా ఆవిడ ఎండు రొయ్యలకి మార్చేసిందండి. బందరు అవతల నించి నాంచారమ్మని ఒకావిడ వస్తుంది. అడిగి మరీ తీసుకుందండి. ఇసకలో గాలాలు ఏరుకోడానికంట."

రొయ్యలు ఎన్నాళ్ళు వచ్చాయని అడిగాను. రెండు పూటలు అన్నారు. నేను మూడేళ్ళుగా కలలో చూస్తున్న వస్తువు రెండు పూటల కూర అయింది.

బందరు: వకీలు ఎత్తు

బందరులో నేను లడ్డూ తిన్నాను, ఒక ఎత్తు వేశాను. లడ్డూ బాగుంది. ఎత్తు ఏమిటంటే, ఒక రేడియో రిపేరు కొట్లో పాత లౌడ్‌స్పీకరు తాలూకు గుండ్రటి అయస్కాంతం పదిహేను రూపాయలకు కొన్నాను. కొట్టాయన దాన్ని సుత్తికి అంటించి చూపించాడు, ఊడదీయడానికి ఇద్దరం పట్టుకోవలసి వచ్చింది. కొత్తది, బలమైనది ఇచ్చి పాతది తీసుకోవడం. ఏ న్యాయస్థానంలోనైనా నిలబడే బేరం అనుకున్నాను.

సముద్రం పక్క పల్లె

ఆ పల్లె పేరు రాయను. నాలాంటి పిచ్చివాళ్ళు ఇంకా ఉండొచ్చు.

రోడ్డు మీద జట్కా దిగితే, ఇళ్ళ దాకా ఒక ఫర్లాంగు ఇసుక. చెప్పుల్లోకి ఇసుక వస్తోందని వాటిని విప్పి చేత పట్టుకున్నాను. ఈ ప్రయాణంలో నేను చేసిన తెలివైన పనుల్లో, దీపం తర్వాత, ఇది రెండోది. మొదటి గుడిసె దగ్గరికి చేరేసరికి కుడి పాదంలో ఏదో దిగింది. కూలబడి చూస్తే చేపల గాలం, సగం లోపల ఉంది. నేను దాన్ని పట్టుకుని లాగబోయాను.

"లాగమాకండి బాబూ. లాగితే ఇంకా చీలుద్ది" అంటూ ఒకావిడ గుడిసెలోంచి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. ఎవరు, ఎక్కడి నించి అని అడగలేదు. నా కాలు తన ఒళ్ళోకి తీసుకుని, గాలాన్ని వెనక్కి లాగకుండా ముందుకే తోసి, మొన అవతలి వైపు బయటికి రాగానే కటింగ్ ప్లయరుతో ముల్లు తెంపేసి, మిగతాది తేలిగ్గా ఇవతలికి లాగేసింది. ఇరవై రెండేళ్ళుగా కోర్టులో వాదిస్తున్న నా గొంతు ఆ రోజు సముద్రం దాకా వినిపించింది. ఆవిడ పసుపూ నూనే పెట్టి గుడ్డ కట్టింది.

తర్వాత ఆవిడ చూరులోంచి ఒక వస్తువు తీసింది. రెండు లాడాలు, పక్కపక్కన పెట్టి వంపులోంచి తాడు పోసి కట్టినవి. దాన్ని నేను కూర్చున్న చోట ఇసుకలో, దువ్వెనతో దువ్వినట్టు, మెల్లగా ఈడ్చింది. పైకెత్తితే రెండు గాలాలు వేలాడుతున్నాయి. నేను ఇంకో జానెడు ఇటు కూర్చుని ఉంటే, అవి ఎక్కడ దిగేవో రాయడం బాగుండదు.

నా అయస్కాంతాలు. ఒక దాని మీద కంపెనీ ముద్ర ఇంకా కనిపిస్తోంది. ఆవిడే నాంచారమ్మ. కాలికి కట్టు కట్టిన మనిషిని, కట్టు తడి ఆరకముందే, ఆ వస్తువు అమ్మమని అడిగాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, అప్పుడు మాత్రం వేయలేదు.

"అమ్మా, అది కారుది" అన్నాను.

"మీ కారుదా? పడిపోయిందా?"

"నా కారుది కాదు. నా కారులాంటి కారుది."

ఆవిడ నవ్వి, గుమ్మంలో కూర్చుని గాలాల తాడు చుడుతున్న మొగుడి వంక చూసింది. ఆయన పేరు వీరాస్వామి. ఆయన ఎడమ పాదానికి రెండు వేళ్ళు లేవు.

"ఈయనకి ఇట్టాగే దిగింది" అందావిడ. "పోనీలే అని ఊరుకున్నాడు. చీము పట్టి, కాలే తీసెయ్యాలన్నారు. ఏదో రెండు వేళ్ళతో పోయింది. ఒక్కో తాడుకి మూడొందల గాలాలుంటాయి బాబూ. ఎర గుచ్చేటప్పుడు పడినియ్యి ఎవరికి తెలుస్తాయి? పిల్లకాయలు చెప్పుల్లేకుండా ఇక్కడే ఆడతారు. అందుకని ఇది దొరికినకాణ్ణించీ రోజూ సాయంత్రం ఈ చివర నించి నీళ్ళ దాకా ఈడుస్తా."

నేను గొంతు సవరించుకుని నా కేసు వాదించాను. లౌడ్‌స్పీకరు అయస్కాంతం బయటికి తీసి, ఇది కొత్తదనీ, పాత అయస్కాంతాలకు ఏళ్ళు గడిచేకొద్దీ బలం తగ్గుతుందనీ, ఇది వాటికి రెండింతలు లాగుతుందనీ చెప్పి, పైన వంద రూపాయలిస్తానన్నాను.

నాంచారమ్మ శ్రద్ధగా అంతా విన్నది. "అంత మంచిదైతే దాన్నే మీ కారులో పెట్టుకోండి బాబూ" అంది.

కోర్టులో ఎంతో మంది సాక్షులను చూశాను. ఇంత చిన్న మాటతో నా వాదనంతా కొట్టేసిన సాక్షి ఈవిడొక్కతే. 'ఇది పనిచేస్తుంది గానీ ఒరిజినల్ కాదు' అన్నది నా జవాబు. దాన్ని ఆ గుమ్మంలో, ఆ పాదం ఎదురుగా, పైకి అనడానికి మొహం చెల్లలేదు.

ఐనా పరీక్ష పెడదామన్నాను. ఆవిడ మూడు గాలాలు ఇసుకలో పాతింది. నా గుండ్రటి అయస్కాంతం ఇసుక మీద జారుకుంటూ పోయి ఒక్కటి తెచ్చింది. ఆవిడ లాడాలు ఇసుకలోకి దిగి మిగతా రెండూ తెచ్చాయి. కేసు రెండో కోర్టులోనూ పోయింది.

ఓడినవాడికి అన్నం పెట్టి పంపింది. ముందు రోజు చేపల పులుసు, చింతపండు బాగా ఊరింది. మాకు తుంగభద్ర చేపలుంటాయి, మంచివే, కానీ వండిన రోజే తినేస్తాం. పులుసును ఒక రాత్రి ఆగనివ్వాలన్న సంగతి నాకు నలభై ఎనిమిదో ఏట తెలిసింది.

రోడ్డు దాకా దిగబెడతానని వచ్చిన వీరాస్వామి, ఇళ్ళు దాటాక గొంతు తగ్గించాడు. "రేపు పొద్దున్నే అది గంపెత్తుకుని బందరెళ్ళిపోద్దండి. అప్పుడు రండి. ఆ వందా ఇచ్చి తీసుకెళ్ళండి. మీ కొత్తది చూర్లో పెట్టేస్తాను, నాలుగు రోజులు అరిచి ఊరుకుంటది."

నేను సరేనన్నాను. ఏమాత్రం ఆలోచించలేదు.

మర్నాడు పొద్దున్న

బందరులో ఒక కాంపౌండరు ధనుర్వాతం రాకుండా సూది వేసి, కొత్త కట్టు కట్టాడు. ఆ కట్టుతో కుడికాలికి చెప్పు ఎక్కలేదు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి గుడ్డతో పల్లెకు చేరాను. ఇసుకలో వీరాస్వామి ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. నోటూ, నా గుండ్రటి అయస్కాంతమూ తీసుకున్నాడు, గోనె సంచిలో చుట్టిన అయస్కాంతాలు నా చేతికిచ్చాడు. మూడేళ్ళ పంతం నా సంచిలో పడింది. ఎంత సంతోషం వేసిందో దాచుకోను.

వీరాస్వామి లోపలికి వెళ్ళిపోయాడు. నేను రోడ్డు వైపు తిరిగాను. ఎదురుగా ఫర్లాంగు ఇసుక. దూరంగా జట్కా. మొదటి అడుగు వేశాను. రెండో అడుగు వేసేముందు కింద చూశాను. ఇసుకలో ఏమీ కనబడలేదు. నిన్న కూడా ఏమీ కనబడలేదు. మూడో అడుగుకి కుడికాలు గాల్లోనే ఆగిపోయింది. నడి ఇసుకలో ఒంటికాలి మీద నిలబడి, చుట్టూ చూశాను. ఒక కుక్క తప్ప ఎవరూ లేరు.

సంచిలోంచి లాడాలు తీశాను. తాడు ఇంకా విప్పలేదు. ముందు ఇసుకలోకి వదిలి, ఈడ్చి, ఒక అడుగు వేశాను. మళ్ళీ ఈడ్చాను, ఇంకో అడుగు. అలా పది అడుగులు వెళ్ళాక పైకెత్తి చూస్తే, తుప్పు పట్టిన గాలం ఒకటి వేలాడుతోంది. నా కుడికాలు పడబోయే చోటే.

అక్కడ నిలబడిపోయాను. ఇది నాకు పది అడుగులకే అవసరమైంది. ఆవిడ మనుషులు రోజూ, ఏడాదంతా నడుస్తారు. నేను దీన్ని తీసుకెళ్ళి, పెట్రోలు ఖర్చుకు భయపడి ఏడాదికోసారి నడిపే కారులో, ముగ్గురు ముసలి జడ్జీలు చూడటం కోసం బిగిస్తాను. నా మీద నాకే అసహ్యం వేసింది. వెనక్కి తిరిగి, ఈడ్చుకుంటూ వచ్చిన దారినే మళ్ళీ గుడిసె దగ్గరికి వెళ్ళాను.

"ఏమైందండీ?" అన్నాడు వీరాస్వామి.

"ఇందులో గాలం ఒకటి ఎక్కువొచ్చింది" అన్నాను.

ఆయనకు అర్థమైంది. నోటు తీసి, మడత విప్పి ఒకసారి చూసుకుని, నా గుండ్రటి అయస్కాంతంతో పాటు ఇచ్చేశాడు. ఆ గాలాన్ని మాత్రం, "మీరే ఉంచుకోండి, తుప్పుది" అన్నాడు. తీరా చూస్తే, లాడాలు ఇచ్చేశాక నేను రోడ్డుకు వెళ్ళే దారి లేదు. చివరికి వీరాస్వామే గొణుక్కుంటూ అయస్కాంతాలు ముందు ఈడుస్తూ నడిచాడు, ఆయన అడుగుల్లో అడుగులు వేస్తూ నేను వెళ్ళాను. జట్కా అతను మమ్మల్ని చూసి ఏమనుకున్నాడో అడగలేదు.

హైదరాబాదు

ఖాసిం సాయంత్రానికల్లా అన్నాడు గానీ, మధ్యాహ్నానికే కాయిలు బిగించేశాడు. బండి తిరిగింది. "మూడేండ్ల కిందటే చెప్తి సార్" అన్నాడు. దీపాన్ని సుభద్ర తీసుకుంది, కరెంటు పోయినప్పుడు వాడుతోంది. నేను ఇంటికి పనికొచ్చే వస్తువు తెచ్చిన ప్రయాణం ఇదొక్కటేనని అందరికీ చెబుతోంది.

ప్రదర్శనలో ఒక జడ్జీ గారు, పట్టు టై కట్టుకున్నాయన, బానెట్ ఎత్తి చూశారు. ఖాళీ మాగ్నెటోని దాని చోటే బిగించి ఉంచాను. కాయిలు పక్కన, దాచకుండా.

"అయస్కాంతాలు లేవే?" అన్నారు.

"బందరు అవతల పనిలో ఉన్నాయండి" అన్నాను.

ఆయన కాగితం మీద ఏదో కొట్టేసి, వంగి ఇంకాస్త దగ్గరగా చూశారు. అయస్కాంతాలుండాల్సిన చోట, తుప్పు పట్టిన గాలం ఒకటి తీగతో కట్టి ఉంది.

"ఇదేమిటి? ఇది కంపెనీ పార్టు కాదే."

"కాదండి" అన్నాను. "అది రశీదు."